ఎదిగే పిల్లలకు తగిన కారు సీటు: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడకు, గుంటూరుకు మధ్య ఉన్న సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల జాతీయ రహదారి మీద పసిపిల్లలున్న కార్లు రోజూ ఎన్నో తిరుగుతుంటాయి. వాటిలో చాలావాటిలో బిడ్డ తల్లి ఒడిలోనో, నాయనమ్మ భుజం మీదనో, ముందు సీట్ల సందులో నిలబడో కనిపిస్తుంది. కారు కొనేటప్పుడు రంగు నుంచి మైలేజీ దాకా ఆరా తీసే కుటుంబాలు కూడా పిల్లల సీటు దగ్గరకు వచ్చేసరికి ఎవరిని అడగాలో తెలియక ఆగిపోతున్నాయి. అలాంటి కుటుంబాల నుంచి వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలున్నాయి. అన్నింటికీ ఆధారమైన విషయం ఒకటుంది. బిడ్డను ఒక రకం సీటు నుంచి పై రకానికి మార్చిన ప్రతిసారీ రక్షణ కొంత తగ్గుతుంది. అందువల్ల పాత సీటు బిడ్డ శరీరానికి నిజంగా చాలనప్పుడే కొత్తదానికి మారాలి తప్ప, పుట్టినరోజు వచ్చిందనో పక్కింటి పిల్లవాడు మారాడనో మార్చకూడదు.

బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకుంటే సరిపోదా? ఊళ్లో నెమ్మదిగానే వెళ్తాము కదా?

సరిపోదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకు సాగుతుంది. అది ఎదుటి వాహనాన్నో, డివైడరునో ఢీకొని అర మీటరు దూరంలోనే ఆగిపోయిందనుకుంటే, లోపలున్న ప్రతి శరీరమూ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు తోసుకుపోతుంది. అంటే పది కిలోల బిడ్డను ఆపడానికి రెండు వందల కిలోల బరువును ఆపినంత బలం కావాలి, అదీ కన్ను మూసి తెరిచేలోపు. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత బలమైన చేతులైనా అది సాధ్యం కాదు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ప్రమాదం మరింత పెరుగుతుంది, ఎందుకంటే ఆమె శరీరానికి, ముందు సీటుకు మధ్య బిడ్డ నలిగిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకున్నా జరిగేది అదే.

50 కిలోమీటర్లు హైవే వేగం కాదన్నది కూడా గమనించాలి. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద, రాత్రి పదింటికి ఏలూరు రోడ్డు మీద, ఖాళీగా ఉన్న ఇన్నర్ రింగు రోడ్డు మీద అది మామూలు వేగమే. పిల్లల సీట్లను వాడితే మరణాలు 60 శాతం దాకా తగ్గవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశంలో చట్టం దీన్ని తప్పనిసరి చేసిందా?

చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గాని, పిల్లల రక్షణ సీటుతో గాని కట్టకుండా వాహనం నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1,000 రూపాయల జరిమానా విధించవచ్చు. ఈ నిబంధన 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. అయితే పెద్దవారి బెల్టు చిన్నపిల్లల ఒంటికి సరిపోదు కాబట్టి, జరిమానా తప్పించుకోవడానికి బెల్టు పెట్టేస్తే చాలని అనుకోవడం సరికాదు. మెడకు, పొట్టకు అడ్డంగా పడిన బెల్టు ప్రమాద సమయంలో తానే గాయం చేస్తుంది.

ఏ వయసుకు ఏ సీటు కొనాలి?

వయసును బట్టి కాకుండా బరువును, ఎత్తును బట్టి కొనాలి. పెట్టె మీద ముద్రించే వయసు ఒక అంచనా మాత్రమే. మన పిల్లలు చాలామంది ఆ అంచనా కన్నా తేలికగా ఉంటారు కాబట్టి, దాన్ని నమ్మి మార్చినవారు తరచుగా అవసరానికి ముందే మార్చినవారవుతారు. టీకాల కార్డులో డాక్టరుగారు రాసే బరువు, ఎత్తు మీకు కావలసిన అసలు లెక్క.

ప్రస్తుతం మార్కెట్టులో రెండు పద్ధతుల లేబుళ్లు కనిపిస్తాయి. పాతదైన ఐక్యరాజ్య సమితి ఆర్44 పద్ధతి బరువును బట్టి సీట్లను విభజిస్తుంది. పుట్టినప్పటి నుంచి 13 కిలోల వరకు '0+' గ్రూపు, 9 నుంచి 18 కిలోల వరకు '1' గ్రూపు, 15 నుంచి 25 వరకు '2' గ్రూపు, 22 నుంచి 36 వరకు '3' గ్రూపు. 2013లో వచ్చిన ఆర్129 పద్ధతి సెంటీమీటర్లలో ఎత్తును చూస్తుంది, పక్క నుంచి తగిలే దెబ్బకు కూడా సీటును పరీక్షిస్తుంది, పదిహేను నెలలు నిండేవరకు బిడ్డను వెనకకు తిప్పే కూర్చోబెట్టాలని నిర్బంధిస్తుంది. ఐరోపాలో 2024 సెప్టెంబరు నుంచి ఆర్44 సీట్లను కొత్తగా అమ్మడం ఆపేశారు. మన దేశపు ప్రమాణమైన ఏఐఎస్-072 ఆర్44ను అనుసరించి రూపొందినది. రెండింటిలో ఏదైనా దొరికే పరిస్థితి ఉంటే, ఖర్చు భరించగలిగితే, ఆర్129 సీటు తీసుకోవాలని నా సలహా.

ఆచరణలో మూడు దశలుంటాయి. మొదటిది వెనకకు చూసే సీటు, అంటే బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేది. రెండోది ముందుకు చూస్తూ, అయిదు పట్టీలతో కట్టే సీటు. మూడోది కారు బెల్టు పిల్లవాడి ఒంటికి సరిగా పడేలా ఎత్తు పెంచే బూస్టరు. చాలా కుటుంబాలు మొదటి దశను తొందరగా ముగిస్తున్నాయి, మూడో దశను పూర్తిగా వదిలేస్తున్నాయి.

పుట్టినప్పటి నుంచి 36 కిలోల వరకు ఒకటే సీటు పనికొస్తుందని అమ్ముతున్నారు. అది కొంటే ఖర్చు కలిసిరాదా?

కలిసి రావచ్చు, కాని ఒక్క విషయం చూసుకుని కొనండి. వెనకకు తిప్పి వాడినప్పుడు ఆ సీటు ఎన్ని కిలోల వరకు పనికొస్తుందో మాన్యువల్‌లో వెతకండి. పెద్ద అక్షరాల్లో 36 అని రాసి, వెనకకు చూసే పరిమితిని 13 దగ్గరో అంతకన్నా తక్కువలోనో ఆపేసినవి ఉన్నాయి, 18 కిలోల వరకు అనుమతించేవీ ఉన్నాయి. అలాగే ఇలాంటి సీట్లు మూడు కిలోల పసికందుకు పెద్దవిగా, పదేళ్ల పిల్లకు ఇరుకుగా ఉండడం సాధారణం. నా అభిప్రాయంలో, 18 కిలోల వరకు ఒక మంచి సీటు, ఆ తరువాత వీపు ఆనుకునే బూస్టరు ఒకటి కొనడం మేలైన ఖర్చు.

వెనకకు తిప్పి ఎంతకాలం కూర్చోబెట్టాలి? కాళ్లు ముడుచుకుపోయి ఇబ్బంది పడుతున్నాడు కదా?

సీటు అనుమతించే పరిమితి పూర్తయ్యేవరకు కూర్చోబెట్టాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఒకప్పుడు రెండేళ్ల వరకు అని చెప్పేది. 2018లో ఆ వయసు లెక్కను తీసివేసి, సీటు తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువు లేదా ఎత్తు వచ్చేవరకు అని మార్చింది.

దీనికి కారణం పసిపిల్లల శరీర నిర్మాణంలోనే ఉంది. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. ఆ బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వాటి మధ్య చాలా భాగం మృదులాస్థి రూపంలోనే ఉంటుంది. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డకు ఎదురుగా దెబ్బ తగిలితే, ఛాతీని పట్టీలు ఆపుతాయి గాని తలను ఆపేది ఏదీ ఉండదు. తల విసురుగా ముందుకు పోయి, మెడ సాగి, వెన్నుపాముకు గాయం కావచ్చు. అదే బిడ్డ వెనకకు తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు గుల్లలోకి, అంటే దాని గట్టి పెంకులోకి, ఒత్తుకుంటాయి, ఆ బలం వీపంతా పరచుకుంటుంది. గోడకు వీపు ఆనించి నిలబడినవారిని తోయడానికీ, నడుస్తున్నవారి మెడ పట్టి లాగడానికీ ఉన్నంత తేడా ఇది.

కాళ్ల సంగతి పెద్దవారిని కలవరపెట్టినంతగా పిల్లలను కలవరపెట్టదు. ఏడాదిన్నర బిడ్డ నేల మీద ఆడుకునేటప్పుడు కూడా బాసిపట్లు వేసుకునో, మోకాళ్లు ముడుచుకునో గంటల తరబడి కూర్చుంటుంది. సీటులోనూ అలాగే కూర్చుంటుంది. కాళ్లు కారు సీటు వీపుకు తగలడం సీటు చాలకపోవడానికి గుర్తు కాదు. అసలు గుర్తులు రెండే. బరువు పరిమితి దాటడం ఒకటి, తల పైభాగం సీటు గుల్ల అంచుకు దగ్గరపడడం రెండోది. అనేక తయారీదారులు తల పైన కనీసం రెండున్నర సెంటీమీటర్ల గుల్ల మిగిలి ఉండాలని చెబుతారు. మీ సీటు మాన్యువల్ మరో కొలత చెబితే అదే పాటించండి. మన పిల్లల్లో చాలామంది రెండున్నర, మూడేళ్లు వచ్చేవరకు 13 కిలోలు దాటరు, కాని పొడవైన పిల్లలు బకెట్ ఆకారపు శిశువుల సీటులో అంతకు చాలా ముందే ఇమడకుండా పోతారు. అప్పుడు ముందుకు తిప్పే సీటు కొనకుండా, వెనకకు తిప్పి వాడగలిగిన పెద్ద సీటు కొనడం సరైన దారి.

మా అమ్మాయి కాన్పు వచ్చే నెలలో. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడే సీటు కావాలా?

కావాలి. సూర్యారావుపేటలోని ఆస్పత్రి నుంచి ఇల్లు పది నిమిషాల దూరమైనా, కొత్తపేట నుంచి పల్లెకు గంట ప్రయాణమైనా, మొదటి ప్రయాణానికే సీటు సిద్ధంగా ఉండాలి. మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లీబిడ్డలను పుట్టింటి నుంచి అత్తవారింటికి సాగనంపే సమయానికి కొందామని చాలామంది వాయిదా వేస్తారు. ఆ మధ్యలో టీకాలకు, కామెర్ల పరీక్షకు, బారసాలకు ఎన్నోసార్లు కారెక్కవలసి వస్తుంది. వీలైతే తొమ్మిదో నెల రాకముందే సీటు కొని, కారులో బిగించి చూసుకోండి. పురిటి హడావిడిలో మాన్యువల్ చదివే తీరిక ఎవరికీ ఉండదు.

పసికందు విషయంలో సీటు వాలు ముఖ్యం. మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, ఊపిరి దారి ఇరుకవుతుంది. అలాగని పడుకోబెట్టినట్లు వాల్చితే ప్రమాదంలో బిడ్డ పైకి జారుతుంది. సీటు పక్కన ఉండే వాలు సూచికను చూసి, తయారీదారు చెప్పిన చోటనే ఆపాలి. తల పక్కలకు పోకుండా బయట కొన్న దిండ్లు, తలగడలు పెట్టకండి, సీటుతో పాటు వచ్చినవే వాడండి.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే, అర్ధవాలుగా కూర్చోబెట్టినప్పుడు ఊపిరి, ఆక్సిజన్ స్థాయి నిలకడగా ఉన్నాయో లేదో డిశ్చార్జికి ముందు చూడమని పిల్లల డాక్టరుగారిని అడగండి. ఏ పసికందునైనా మొదటి నెలల్లో సీటులో ఎక్కువసేపు ఉంచకండి. పక్కన ఒక పెద్దవారు కూర్చుని బిడ్డ రంగును, ఊపిరిని గమనిస్తుండాలి. హైదరాబాదు వరకు వెళ్లవలసి వస్తే మధ్యమధ్యలో ఆగి, బిడ్డను బయటికి తీసి, పాలు పట్టి, మళ్లీ కూర్చోబెట్టాలి. ఇంటికి చేరాక నిద్రపోతున్నాడని సీటులోనే వదిలేయకుండా పక్క మీదకు మార్చాలి.

కొనేటప్పుడు లేబుల్ మీద ఏమి చూడాలి?

ఆర్44 లేదా ఆర్129 అనే అంకె, గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' (E) అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశం సంఖ్య ఉంటాయి. ఈ1 అంటే జర్మనీ, ఈ4 అంటే నెదర్లాండ్స్, ఈ11 అంటే బ్రిటన్. భారత ఆమోదమైతే ఏఐఎస్-072 ప్రస్తావన ఉంటుంది. బరువు లేదా ఎత్తు పరిమితి కూడా అదే లేబుల్ మీద ఉండాలి. లేబుల్ కేవలం అట్టపెట్టె మీద ఉండి సీటు ఒంటి మీద లేకపోతే కొనకండి.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే, స్పాంజి మెత్తకు గుడ్డ పట్టీలు కుట్టి కారు సీటు వీపుకు కట్టుకునే 'పోర్టబుల్' సీట్లను దయచేసి కొనకండి. వాటికి గట్టి గుల్ల ఉండదు, ఏ ప్రమాణపు ఆమోదమూ ఉండదు. బిడ్డను కదలకుండా కూర్చోబెట్టినట్లు కనిపించడానికే తప్ప, ఢీకొన్నప్పుడు కాపాడడానికి అవి పనికిరావు.

ఐసోఫిక్స్ అంటే ఏమిటి? మా కారులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనక సీటు కూర్చునే భాగానికి, వీపుకు మధ్య సందులో చెయ్యి పెట్టి తడమండి. కారు చట్రానికి అతికించిన రెండు ఉక్కు కడ్డీలు చేతికి తగిలితే ఐసోఫిక్స్ ఉన్నట్లే. వాటికి పిల్లల సీటు కింది కొక్కేలు 'టక్' మని పట్టుకుంటాయి, సూచిక ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. సీటు ముందుకు తూలకుండా మూడో ఆధారం కూడా కావాలి. కొన్నింటికి అది సీటు పై నుంచి వెనకకు కట్టే టాప్ టెదర్ పట్టీ, కొన్నింటికి కారు నేలకు ఆనే ఊతకాలు. ఈ మూడోదాన్ని వదిలేయడం తరచుగా కనిపించే లోపం. ఊతకాలు పెట్టే చోట నేల కింద బోలుగా సామాను పెట్టె ఉంటే, ఆ మూత మీద ఊతకాలు నిలపకూడదు.

ఐసోఫిక్స్ లేని పాత కారు అయితే నిరాశ పడనక్కరలేదు. మూడు చోట్ల బిగించే కారు బెల్టుతో సరిగా కట్టిన సీటు కూడా బిడ్డను కాపాడుతుంది. ఐసోఫిక్స్‌లోని మేలు ముఖ్యంగా తప్పుగా బిగించే అవకాశం తక్కువ కావడం. బెల్టుతో కట్టేటప్పుడు మోకాలితో సీటును గట్టిగా అదిమి, బెల్టును లాగి బిగించాలి. ఆర్44 సీట్లలో వెనకకు తిప్పినప్పుడు బెల్టు పోయే దారి నీలం రంగులో, ముందుకు తిప్పినప్పుడు ఎరుపు రంగులో గుర్తించి ఉంటుంది. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే సీటు రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు.

మన కార్లలో ఎదురయ్యే రెండు ఇబ్బందులు చెప్పాలి. కొన్ని చిన్న కార్లలో వెనక బెల్టు పొడవు శిశువుల బకెట్ సీటు చుట్టూ చాలదు. అందువల్ల బందరు రోడ్డులో కొన్నా, అరండల్‌పేటలో కొన్నా, కారు తీసుకువెళ్లి అక్కడే బిగించి చూసి డబ్బు కట్టండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు లోపే బిగించి చూడండి. రెండోది, షోరూము నుంచి రాగానే వేయించే మందపాటి సీటు కవర్లు. అవి ఐసోఫిక్స్ కడ్డీలను కప్పేస్తాయి, నున్నటి పైపొర మీద పిల్లల సీటు జారుతుంది. కారులో పక్క ఎయిర్‌బ్యాగులు ఉంటే వాటికి కూడా అడ్డుపడవచ్చు. పిల్లల సీటు పెట్టే చోటనైనా ఆ కవరు తీసేయించండి.

కొత్త కారు కొనబోతున్నవారు, కార్లను ఢీకొట్టి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఫలితాలను చూడవచ్చు. 2023 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన ఈ పరీక్షలో పిల్లల రక్షణకు విడిగా 49 మార్కులున్నాయి. ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లలను పోలిన బొమ్మలను పిల్లల సీట్లలో కట్టి పరీక్షిస్తారు. కాబట్టి కారుకు వచ్చిన నక్షత్రాలు సీటులో కట్టిన బిడ్డకే వర్తిస్తాయి, ఒడిలో ఉన్న బిడ్డకు కాదు.

మా ఆడపడుచు అమెరికా నుంచి వాళ్ల పాప వాడిన సీటు తెస్తానంటోంది. తీసుకోవచ్చా?

ఈ రెండు ఊళ్లలో ఈ ప్రశ్న రాని వీధి ఉండదు. జవాబు కొంత వివరంగా చెప్పాలి. అమెరికా సీట్లు అక్కడి ఎఫ్ఎంవీఎస్ఎస్-213 ప్రమాణానికి తయారవుతాయి. వాటికి ఏఐఎస్ గాని, ఆర్44 గాని ఆమోదం ఉండదు. అంతకన్నా ముఖ్యమైనది బెల్టు సంగతి. అమెరికా కార్లలో వెనక బెల్టును చివరిదాకా లాగి వదిలితే అది బిగుసుకుని, ఇక వెనకకే తప్ప ముందుకు రాకుండా ఆగిపోతుంది. అక్కడి సీట్లు ఆ ఏర్పాటును నమ్ముకుని ఉంటాయి. మన కార్లలో చాలావాటిలో బెల్టు గట్టి కుదుపుకే బిగుస్తుంది, మిగతా సమయంలో స్వేచ్ఛగా సాగుతుంది. కాబట్టి ఉదయం గట్టిగా కట్టిన అమెరికా సీటు నాలుగు మలుపులు తిరిగేసరికి వదులుగా ఊగుతుంటుంది. సీటులోనే బెల్టును పట్టి ఉంచే క్లాంపు ఉంటే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. ఎంపిక చేసుకునే వీలుంటే ఇక్కడి ప్రమాణానికి సరిపోయే సీటునే కొనమని నా సలహా. ఇక్కడి సీటును అమెరికా తీసుకువెళ్లినా అక్కడి చట్టానికి సరిపోదు, అక్కడికి వెళ్లాక అక్కడి సీటు వాడాలి.

దేశంలోనే బంధువులు వాడిన పాత సీటు అయితే?

దాని చరిత్ర మీకు పూర్తిగా తెలిసి ఉండాలి. గట్టి ప్రమాదంలో ఉన్న సీటు పైకి బాగున్నా లోపలి ప్లాస్టిక్ బీటలు వారి ఉండవచ్చు, దాన్ని మళ్లీ వాడకూడదు. తయారీ తేదీ సీటు అడుగున అచ్చు వేసి ఉంటుంది. సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల వరకు గడువు ఇస్తారు. మాన్యువల్, అన్ని పట్టీలు, మెత్తలు ఉండాలి. సొంత అన్నయ్య ఇంటి నుంచి వచ్చిన సీటు అయితే అడిగి తెలుసుకోవచ్చు. ముక్కూ మొహం తెలియనివారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న పాత సీటు గురించి ఆ భరోసా ఉండదు.

సీటును కారులో ఎక్కడ పెట్టాలి? ముందు పెడితే బిడ్డ కనిపిస్తుంది కదా?

వెనక సీటులోనే పెట్టాలి. ముందు ఎయిర్‌బ్యాగు పనిచేసే స్థితిలో ఉన్నప్పుడు అక్కడ వెనకకు చూసే సీటును ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దెబ్బ నేరుగా బిడ్డ తల వెనకున్న గుల్లకు తగిలి ప్రాణం తీయగలదు. ముందు సీటు సన్‌వైజరు మీద అతికించే హెచ్చరిక బొమ్మ దీని గురించే. పదమూడేళ్ల వరకు పిల్లలు వెనకే కూర్చోవడం మంచిది.

వెనక మధ్య స్థానం పక్క దెబ్బలకు దూరంగా ఉంటుంది, కాని చాలా కార్లలో అక్కడ ఐసోఫిక్స్ ఉండదు, పాత కార్లలో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు డ్రైవరుకు ఎదురు పక్కన, అంటే రోడ్డు అంచు వైపు దిగే తలుపు దగ్గర పెట్టడం అనువుగా ఉంటుంది. ఏడుగురు కూర్చునే బండ్లలో ఐసోఫిక్స్ ఎక్కువగా రెండో వరుసలోనే ఉంటుంది. పెద్దవాళ్లకు ఎక్కడం కష్టమని పిల్లలను మూడో వరుసకు పంపడం మన ఇళ్లలో మామూలు, కాని ఆ వరుస వెనక డోరుకు మరీ దగ్గరగా ఉంటుంది. పిల్లల సీటు రెండో వరుసలోనే ఉంచండి.

పట్టీలు ఎంత బిగించాలి? నొప్పి పుడుతుందేమో అని భయంగా ఉంది.

భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో నిలువుగా గిల్లి చూడండి. మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్లు, రాకపోతే సరిగా ఉన్నట్లు. వెనకకు చూసే సీటులో పట్టీలు భుజాల ఎత్తులోనో, కొంచెం కిందనో మొదలవాలి. ముందుకు చూసే సీటులో భుజాల ఎత్తులోనో, కొంచెం పైనో మొదలవాలి. బిడ్డ పెరిగేకొద్దీ ఈ ఎత్తును మార్చుతుండాలి. చాలా ఇళ్లలో కొన్న రోజు పెట్టిన ఎత్తే ఏడాది తరువాత కూడా ఉంటుంది, అది మంచిది కాదు.

మన పిల్లల ఒంటి మీద ఉండే వస్తువుల గురించి విడిగా చెప్పవలసినది ఉంది. మొలతాడుకు కట్టిన వెండి బిళ్లలు, రక్షరేకులు నడుము పట్టీ కిందకు వస్తే ఢీకొన్నప్పుడు పొట్టలోకి గుచ్చుకుంటాయి. వాటిని పక్కకు జరిపి పట్టీ వేయండి, దూర ప్రయాణానికి తీసి ఉంచితే మరీ మంచిది. పెళ్లికో, పుట్టువెంట్రుకలు తీయించడానికో పట్టు పరికిణీ కట్టి తీసుకువెళ్లేటప్పుడు, జరీ అంచు గుట్టగా పడి పట్టీ బిగిసినట్లు కనిపిస్తుంది గాని నిజానికి బిగియదు. పరికిణీని పైకి జరిపి, కాళ్ల మధ్య పట్టీ ఒంటికి ఆనేలా పెట్టి, ఆ తరువాత గుడ్డను సర్దాలి. పసికందును గుడ్డలో చుట్టి సీటులో పెట్టకూడదు. ముందు పట్టీలు బిగించి, పైన గుడ్డ కప్పాలి.

మన ఎండలకు సీటు కాలిపోతుంది. ఏం చేయాలి?

రోహిణి కార్తెలో విజయవాడలో కారు నిలిపినవారందరికీ తెలిసిన కష్టమిది. నల్లటి ప్లాస్టిక్, ఇనుప నాలుకలున్న బకిల్ పిల్లల లేత చర్మాన్ని నిజంగానే కాల్చగలవు. కారు దిగేటప్పుడు సీటు మొత్తాన్ని తెల్లటి నూలు తువ్వాలుతోనో, పాత పంచెతోనో కప్పి వెళ్లండి. మళ్లీ ఎక్కించే ముందు బకిల్‌ను, పట్టీలను చేతి వెనక భాగంతో తాకి చూడండి. ముందుగా తలుపులు తెరిచి వేడి గాలి పోనిచ్చి, ఏసీ నడిపి, అప్పుడు బిడ్డను కూర్చోబెట్టండి. కొనేటప్పుడే లేత రంగు, గాలి ఆడే గుడ్డ ఉన్న సీటు ఎంచుకోవడం మేలు. చెమట పడుతుందని బిడ్డ వీపు వెనక మందపాటి మెత్తలు చేర్చకండి, అవి పట్టీలను వదులు చేస్తాయి. పల్చటి నూలు బట్టలు వేస్తే చాలు.

ఇంతకన్నా పెద్ద విషయం మరొకటి ఉంది. మందుల షాపులో రెండు నిమిషాల పని అని నిద్రపోతున్న బిడ్డను మూసిన కారులో వదిలి వెళ్లకూడదు. బయట 35 డిగ్రీలున్నా మూసిన కారులో అరగంటలోపే 50 దాటుతుంది, అద్దం వేలెడు సందు దించినా పెద్ద తేడా ఉండదు. పెద్దవారితో పోలిస్తే పసిపిల్లల శరీరం మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. సీటులో ఉన్న బిడ్డ తనంతట తాను బయటికి రాలేదు.

సీటులో కూర్చోబెట్టగానే ఏడుస్తున్నాడు. అత్తయ్యగారు పాపం అని ఎత్తుకోమంటున్నారు. ఏం చెప్పాలి?

ఆవిడది ప్రేమే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. వీలైతే సీటును ఇంట్లోకి తెచ్చి, హాలులో పెట్టి, బిడ్డ అందులో కూర్చుని ఆడుకునేలా రెండు రోజులు అలవాటు చేయండి. అత్తయ్యగారినే పక్కన కూర్చోమని, పాట పాడుతూ పట్టీలు వేయమని అడగండి. తాను కట్టిన పట్టీని తానే విప్పమనడం ఎవరికైనా కష్టం. ఏడుపుకు అసలు కారణం చాలాసార్లు సీటు కాదు. ఆకలి, తడిసిన డైపరు, కళ్లలో పడే ఎండ, ఇరుకైన పట్టీలను ముందు చూడండి. ఎంత ఏడ్చినా కదులుతున్న కారులో పట్టీ విప్పకూడదు. కాజ టోల్‌గేటు దాటాక సురక్షితమైన చోట ఆపి, బిడ్డను దింపి, ఊరడించి, మళ్లీ కట్టి బయలుదేరండి. ఒకసారి ఏడిస్తే ఒడి దొరుకుతుందని తెలిసిన బిడ్డ ప్రతిసారీ ఏడుస్తుంది. ఒకటే పద్ధతి పాటించే ఇళ్లలో పిల్లలు త్వరగానే అలవాటు పడతారు.

అయిదేళ్లు నిండాయి, బడికి వెళ్తోంది. ఇంకా సీటు అవసరమా?

అవసరం. అయిదు పట్టీల సీటులో భుజాలు పై గాడిని దాటినప్పుడో, బరువు పరిమితి మించినప్పుడో బూస్టరుకు మారాలి. వీపు, తల పక్కలు ఉన్న బూస్టరే తీసుకోండి. నిద్రపోయిన పిల్ల పక్కకు ఒరిగినా బెల్టు భుజం మీదనే నిలుస్తుంది. వీపు లేని పీట లాంటి బూస్టరు 125 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు మాత్రమే. ఏ బూస్టరుకైనా భుజం బెల్టు ఉన్న స్థానమే కావాలి.

బూస్టరు మానేయడానికి కూడా పుట్టినరోజు కొలమానం కాదు. పిల్లను కారు సీటులో నేరుగా కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా వెనకకు ఆనాలి, మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, పాదాలు నేలకు తగలాలి. నడుము బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, తొడల పైభాగాన పడాలి. భుజం బెల్టు మెడను రాయకుండా ఛాతీ మధ్య నుంచి పోవాలి. ప్రయాణం మొత్తం ఇలాగే కూర్చోగలగాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాక ఇవన్నీ కుదురుతాయి, అది ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఎప్పుడైనా కావచ్చు. బెల్టు మెడకు రాస్తోందని పిల్లలు దాన్ని చంక కిందకు తోసేస్తుంటారు. అలా చేస్తున్నారంటే బూస్టరు ఇంకా కావాలని అర్థం.

వెనక సీటులో ముగ్గురు పిల్లలు. మూడు సీట్లు పట్టడం లేదు.

కొనే ముందు వెనక సీటు వెడల్పును, పిల్లల సీట్ల వెడల్పును టేపుతో కొలవండి. 44 సెంటీమీటర్ల లోపు వెడల్పు ఉన్న సన్నని సీట్లు కొన్ని దొరుకుతాయి. వెనకకు చూసే సీటు, బూస్టరు పక్కపక్కన ఉంటే భుజాలు ఎదురెదురు పడవు కాబట్టి కొంత సర్దుబాటు అవుతుంది. అయినా పట్టకపోతే అందరికన్నా పెద్దబిడ్డను, బూస్టరుతో సహా, ముందు సీటును వీలైనంత వెనకకు జరిపి అక్కడ కూర్చోబెట్టడం చివరి మార్గం. చిన్నవాళ్లను మాత్రం ముందుకు తేవద్దు.

క్యాబ్‌లో, ఆటోలో, బండి మీద వెళ్లేటప్పుడు ఏం చేయాలి?

క్యాబ్‌లో మీ సీటు మీరే తీసుకువెళ్లాలి. గన్నవరం విమానాశ్రయానికి క్యాబ్ మాట్లాడుకునేటప్పుడు వెనక సీటు బెల్టులు, బకిళ్లు కవర్ల కింద పాతుకుపోకుండా పైకి ఉన్న బండినే పంపమని ముందుగానే అడగండి. బెల్టుతో బిగించే తేలికైన శిశువుల సీటు ఇలాంటి ప్రయాణాలకు బాగా పనికొస్తుంది.

ఆటోలో బెల్టులు ఉండవు కాబట్టి పిల్లల సీటు బిగించే మార్గమే లేదు. కారు అందుబాటులో ఉన్నప్పుడు పసిబిడ్డతో ఆటోలో హైవే ఎక్కకండి. ద్విచక్ర వాహనాల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2022లో ఇచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారికి జోడించే భద్రతా పట్టీతో కట్టాలి, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్టు పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. తొమ్మిది నెలల లోపు బిడ్డ తల, మెడ హెల్మెట్టు బరువు మోయలేవు. అంత చిన్న బిడ్డను బండి మీద తీసుకువెళ్లకుండా ఉండడమే సరైనది.